మాగ్నెటాన్ సారు

పొద్దున్నే మా ఇంటర్ బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో సారు ఫొటో వచ్చింది. ఎవరో పాత ఫేర్‌వెల్ ఫొటోలోంచి ఆయన ముఖం ఒక్కటే కత్తిరించి, చుట్టూ గులాబీలు పెట్టి, "మన ఫిజిక్స్ సార్ ఇక లేరు" అని కింద రాశారు. వెంటనే చేతులు జోడించిన బొమ్మలు వరసకట్టాయి. ఏమైందని ఒకడు అడిగాడు. పక్షవాతమంట అని ఇంకొకడు చెప్పాడు. మధ్యాహ్నానికల్లా ఎవరిదో గృహప్రవేశం కార్డు వచ్చింది, సారు సంగతి అంతటితో సరి.

నేనేమీ రాయలేదు. పక్షవాతం కాదు అని టైపు చేసి చెరిపేశాను. మరేంటి అని అడిగితే గ్రూపులో చెప్పగలిగే సంగతి కాదది. పైగా ఆ గ్రూపులో సగం మందికి సారు వాళ్ళ అన్నగారితో ఏదో ఒక పని పడుతూనే ఉంటుంది. అన్నగారు మండలంలో పెద్ద నాయకుడు. తమ్ముడు ఎందుకు పోయాడో ఆయన ఏం చెబితే ఊరికి అదే నిజం. నాకు మాత్రం ఒళ్ళు మండిపోతోంది. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

మేం చదువుకున్నది గురజాలలో. సారు బోర్డు మీద కింది సగంలోనే రాసేవారు. కుడిచెయ్యి భుజం దాటి పైకి లేచేది కాదు. పై సగం ఎప్పుడూ సుద్ద తగలకుండా కొత్త బోర్డులా ఉండేది. వెనక బెంచీల వాళ్ళం లేచి నిలబడి, మెడలు చాచి నోట్సులోకి ఎక్కించుకునేవాళ్ళం. కుర్చీలో కూర్చుంటే వెనక్కి ఆనేవారు కాదు, అంచు మీద నిటారుగా కూర్చునేవారు. ఎత్తిపోతల జలపాతానికి మమ్మల్ని ఎక్స్‌కర్షన్ తీసుకెళ్ళినప్పుడు మగపిల్లలమందరం చొక్కాలు విప్పి నీళ్ళలో దిగితే, ఆయన పూర్తి చేతుల చొక్కా గుండీలన్నీ పెట్టుకుని రాయి మీద కూర్చున్నారు. సారుకి సిగ్గెక్కువ అని నవ్వుకున్నాం.

ఆయనకి యూనిట్ల పిచ్చి. వట్టి అంకె ఎవరన్నా చెబితే చెవిలో చీమ దూరినట్టు అయిపోయేవారు.

"ఎంతొచ్చిందిరా?"

"ఐదు సార్."

"ఐదేంది? ఐదు గేదెలా, ఐదు దెబ్బలా?"

కాలేజీ ఎదురు టీకొట్టాయన "రెండా సార్?" అని అడిగితే, "రెండేంది?" అని ఎదురడిగేవారు. "రెండు టీలు సార్, చిన్న గ్లాసువి" అని కొట్టాయన పూర్తిగా చెప్పిందాకా తల ఊపేవారు కాదు. ఆ కొట్టాయనకి కూడా అది అలవాటైపోయి, చివరికి బస్సు టైము అడిగినవాళ్ళకి కూడా యూనిట్‌తో సహా చెప్పేవాడు.

ఇక మాగ్నెటాన్. ఆ పాఠం వచ్చిందంటే సారు మనిషి మారిపోయేవారు. సిలబస్‌లో ఉన్నది బోర్ మాగ్నెటాన్ ఒక్కటే, అదీ రెండు మార్కుల ప్రశ్న. ఆయన దాన్ని పట్టుకుని వారం లాగేవారు.

"మిర్చి టిక్కీ బస్తాని దేంట్లో తూస్తార్రా?"

"కేజీల్లో సార్."

"మీ అమ్మ ముక్కుపుడకనో?"

"గ్రాముల్లో సార్."

"ముక్కుపుడకని క్వింటాళ్ళలో చెప్పమంటే?"

"అన్నీ సున్నాలే వస్తయ్ సార్."

"అదీ. ఉన్నది కూడా లేనట్టు కనపడిద్ది. ఎలక్ట్రాన్ ఒక చిన్న అయస్కాంతం. దానికి సరిపోయే కొలత పెట్టుకున్నారు, బోర్ మాగ్నెటాన్ అని. కేంద్రకంలో ప్రోటాన్ ఉంది చూడు, అదీ అయస్కాంతమే, కాకపోతే చానా బీదది. దాన్ని ఎలక్ట్రాన్ కొలతతో కొలిస్తే దానికి అన్యాయం చేసినట్టు. అందుకని దానికి పద్దెనిమిది వందల రెట్లకి పైన చిన్న కొలత పెట్టారు, న్యూక్లియర్ మాగ్నెటాన్. ఎంత చిన్నదానికైనా దాని కొలత దానికి ఉండాల్రా."

తర్వాత న్యూట్రాన్ దగ్గరికి వచ్చేవారు. దానికి ఛార్జీ లేదు కాబట్టి అయస్కాంతం కూడా ఉండకూడదు. కానీ ఉంది. "మైనస్ ఒకటి పాయింట్ తొమ్మిది ఒకటి న్యూక్లియర్ మాగ్నెటాన్లు. బయటికి ఏం లేనోడిలాగా ఉంటాడు. లోపల మాత్రం ఏందో తిరగతానే ఉంటది" అనేవారు. అని కాసేపు కిటికీ వైపు చూసేవారు. ఎవరో ఒకడు "పరీక్షలో వచ్చిద్దా సార్?" అని అడిగేవాడు. "రాదు. రాసుకోబాకండి, వినండి" అనేవారు. ఆ పేరు ఆయనకి అలా వచ్చింది. గురజాలలో మాగ్నెటాన్ సారు అంటే చిన్నపిల్లలు కూడా ఇల్లు చూపించేవాళ్ళు.

నాకు ఆయనంటే ఇష్టం పుట్టింది ల్యాబ్‌లో. మా నాన్నకి గురజాలలో మోటారు మెకానిక్ షెడ్డు. ఇంట్లో ఉర్దూ, బయట తెలుగు, షెడ్డులో రెండూ కలిపిన తిట్లు. పాత స్పీకర్లలోంచి మా నాన్న తీసిన అయస్కాంతాలు నేను ల్యాబ్‌కి పట్టుకెళితే సారు వాటిని పసిపిల్లల్ని ఎత్తుకున్నట్టు రెండు చేతులతో అందుకునేవారు. కాలేజీ ఇచ్చినవాటిలో బలం లేదు, మీ నాన్నవి మంచి జాతివి అనేవారు.

ఒకరోజు ప్రాక్టికల్స్‌లో దిక్సూచి ముల్లు పెట్టి రీడింగులు తీస్తున్నాం. సారు మా బల్ల పక్కన నిలబడి, బోర్డు మీద ఏదో రాయడానికి ఇటు వీపు చేసి తిరిగారు. ముల్లు కదిలింది. ఆయన అటు జరిగితే వెనక్కి వచ్చింది. మళ్ళీ వెనక్కి అడుగేస్తే మళ్ళీ కదిలింది.

"సార్, మీరు దగ్గరికొస్తే ముల్లు తిరగతంది" అన్నాను.

ఆయన చేతిలో సుద్ద అలాగే ఆగిపోయింది. బల్ల నుంచి దూరంగా వెళ్ళి నిలబడ్డారు. నేను ఆయన చెయ్యి గురించి అడగనేలేదు. అయినా ఆయనే చెప్పారు.

"చిన్నప్పుడు గేదె పొడిచిందిరా."

గేదె పొడిస్తే దిక్సూచి ఎందుకు తిరుగుతుందో నాకు అర్థం కాలేదు. కానీ ఆయన ముఖం చూశాక అడగబుద్ధి కాలేదు. ఆ రోజు నుంచి ల్యాబ్‌లో ఆయన గుమ్మం దగ్గరే నిలబడి, రీడింగులు మా నోటితో చెప్పించుకునేవారు.

ఇప్పుడు నేను నరసరావుపేటలో ఒక స్కాన్ సెంటర్‌లో ఎమ్మారై మిషన్ నడుపుతాను. ఆ చదువు చదవడానికి కారణం సారే. మనిషి ఒళ్ళంతా నీళ్ళు, నీళ్ళ నిండా ప్రోటాన్లు. ఆ చిన్న అయస్కాంతాలన్నింటినీ ఒక పెద్ద అయస్కాంతంలో పెట్టి పలకరిస్తే అవి ఇచ్చే జవాబే బొమ్మగా వస్తుంది. నా ఉద్యోగమంతా న్యూక్లియర్ మాగ్నెటాన్లతోనే. మా పెద్ద అయస్కాంతాన్ని ఆపడమంటూ ఉండదు, ఆదివారం కూడా లాగుతూనే ఉంటుంది. ఇనుప స్టూలుని కూడా ఎగరేసి లాక్కుంటుంది. అందుకని లోపలికి పంపే ముందు ప్రతి మనిషినీ అడగాలి, ఒంట్లో ఇనుము ఏమన్నా ఉందా అని.

వేరే జిల్లాల్లో ఈ ప్రశ్నకి జవాబు గుండెకి పెట్టిన మిషనో, ఎముకకి వేసిన ప్లేటో. మా పల్నాడులో అలా కాదు. ఇక్కడ నడివయసు దాటిన మగవాళ్ళలో కొంతమంది ఒంట్లో నాటుబాంబు ముక్కలు ఉంటాయి. ఉన్నాయని చెప్పరు. చెబితే ఎవరు వేశారు, ఎందుకు వేశారు, నువ్వెవరి వైపు అని అడుగుతారని భయం. కేసు కొట్టేసి ఎన్నేళ్ళయినా, వేసినవాడు చచ్చిపోయినా చెప్పరు. గోడ కూలింది అంటారు, మోటారు పేలింది అంటారు, ఎక్కువమంది గేదె పొడిచింది అంటారు. అయస్కాంతం ముందు నిలబడి కూడా పరువుకోసం అబద్ధమాడే మనుషుల్ని నేను మరెక్కడా చూడలేదు. అందుకని నేను బాంబు ఊసెత్తను. గేదె ఎప్పుడన్నా పొడిచిందా పెద్దాయనా అని అడుగుతాను. పొడిచింది అన్నవాణ్ణి పక్కన కూర్చోబెట్టి ముందు ఎక్స్‌రేకి పంపుతాను.

సారు మా సెంటర్‌కి వచ్చిన రోజు నేను మొదట ఆయన్ని పోల్చుకోలేదు. భార్య భుజం పట్టుకుని, కాళ్ళు నేలకి ఈడుస్తూ వస్తున్నారు. ఒక కాలికి చెప్పు లేదు. ఎక్కడ జారిపోయిందో ఆయనకి తెలియలేదు, పాదానికి స్పర్శ లేదు. "ఏరా, మంచి జాతి అయస్కాంతం దగ్గరే పనిచేస్తన్నావే" అన్నాక ఆ గొంతు పట్టి గుర్తుపట్టాను.

వెన్నుపాము దగ్గర ఏదో నొక్కుతోంది. అది గడ్డో, చీము పట్టిందో, పాత గాయం తాలూకు మచ్చో తెలియాలి. గుంటూరులో సీటీ తీశారు. మందెక్కించి కూడా తీశారు. ఇనుము చుట్టూ తెల్లటి చారలు తప్ప అందులో ఏమీ కనపడలేదు. ఎమ్మారై లేకుండా నేను కత్తి పెట్టను అన్నాడు డాక్టరు. ఇనుముంటే నేను ఎమ్మారై తియ్యను అన్నారు స్కాన్ వాళ్ళు. పోనీ ముందు ఆ ఇనుము తీయండి అంటే, అది వెన్నుపాముకి ఆనుకుని ఉంది, ఎమ్మారై లేకుండా దాన్ని ముట్టుకుంటే మెడ కింద మొత్తం పోవచ్చు అన్నారు. హైదరాబాదులో కూడా ఇదే మాట. ఇదంతా అన్నగారితో తిరిగినప్పటి సంగతి, భార్యని డాక్టర్ల గదుల్లోకి రానివ్వలేదట, నాకు తర్వాత తెలిసింది. తిరిగి తిరిగి ఆఖరికి నా దగ్గరికి వచ్చారు.

ఆ ఫిల్ములు నాకు చూపించలేదు. సంచి అడుగున దాచిపెట్టి, ఏమీ తెలియనట్టు బల్ల మీద కూర్చున్నారు.

నేను అందరినీ అడిగినట్టే అడిగాను. "ఒంట్లో ఇనుమేమన్నా ఉందా సార్?"

"లేదు."

"గేదె పొడిచింది కదా సార్, చిన్నప్పుడు."

ఆయన నా వైపు చూశారు. ఇంత గుర్తుపెట్టుకున్నావా అన్నట్టు ఉంది ఆ చూపు. పక్కన నిలబడ్డ భార్య, "అవును నాయనా, గేదె పొడిచిందంట, నా పెళ్ళికి ముందే" అంది. సారు ఆమెని మంచినీళ్ళ బాటిల్ కొనుక్కురమ్మని పంపారు. ఆమె వెళ్ళాక నేను చొక్కా విప్పించాను. ఇన్నేళ్ళలో ఆ వీపు చూడటం అదే మొదలు. కుడి రెక్క నుంచి మెడ కింద దాకా చర్మం ముడతలు ముడతలుగా అతుకులేసినట్టు ఉంది. నా చేతి అయస్కాంతం దగ్గరికి తెస్తే ఒకచోట చర్మం కొద్దిగా పైకి లేచింది. సారు పళ్ళు బిగించారు.

"అది పైది. అది కాదు నా ప్రాణం తీసేది. లోపల మేకుంది" అన్నారు.

అప్పుడు చెప్పారు. ఎమ్మెస్సీ అయిపోయి ఇంటికొచ్చారట. పెద్ద ఊళ్ళో రీసెర్చికి సీటొచ్చింది, అది కూడా ఈ కేంద్రకాల అయస్కాంతాల మీదే. బయల్దేరడానికి ఇంకా నాలుగు రోజులుందనగా, గేదెకి మేత వేద్దామని దొడ్లో గడ్డివామి లోంచి వరిగడ్డి లాగారు. వామిలో అన్నయ్య దాపెట్టిన, మేకులు కూరిన బాంబులున్నాయి, ఒకటి పేలింది. ఎలక్షన్ల ముందు తెచ్చి పెట్టించినవి. తమ్ముడికి చెప్పలేదు. పుస్తకాలు తప్ప ఇంకోటి ఎరగని, దొడ్డివైపే రాని తమ్ముడు ఆ రోజు మేత వేస్తాడని ఆయన అనుకోలేదు.

పెద్దాసుపత్రికి పోతే పోలీసులొస్తారు. అన్నయ్య జైలుకెళతాడు. ఊళ్ళో ఆర్‌ఎంపీ డాక్టరే కనిపించినంతవరకు ముక్కలు లాగి కుట్లేశాడు. గేదె పొడిచిందని ఊరికి చెప్పారు. ఊరంతా ఆ చప్పుడు విని కూడా గేదె పొడిచిందనే నమ్మింది. పుండు మానేలోపు సీటు పోయింది.

"ఇన్నేళ్ళలో ఎక్కడికన్నా పోయి తీయించుకోకపోయారా సార్" అన్నాను. నా గొంతులో కోపం నాకే వినిపించింది.

"నాన్న పోయాక నన్ను చదివించింది అన్నయ్యేరా. తన చదువు మానుకొని అరక పట్టాడు. ఆయన్ని జైల్లో పెట్టిచ్చి నేను ఫిజిక్స్ చదవనా? తర్వాత ఆయన పెద్దోడయ్యాడు. అప్పుడు చెప్తే పరువు పోయిద్ది. నాక్కూడా నొప్పి లేదు. చెయ్యి లేవకపోతే ఏందిలే, బోర్డు కింద చానా జాగా ఉంది అనుకున్నా."

ఆయనే మళ్ళీ క్లాసులో అడిగినట్టు అడిగారు.

"నీ మిషను చూసేది దేన్నిరా?"

"ప్రోటాన్ని సార్."

"దాని మొమెంట్ ఎంత?"

"రెండు పాయింట్ ఏడు తొమ్మిది న్యూక్లియర్ మాగ్నెటాన్లు సార్."

ఆయన ముఖంలో వెలుగొచ్చింది. నేను యూనిట్ చెప్పాను.

"ఇనుములో పరమాణువుకి రెండు పాయింట్ రెండు. అంకె చూస్తే ప్రోటాన్‌దే పెద్దది. కానీ ఇది బోర్ మాగ్నెటాన్లలో. మోసమంతా కొలతలో ఉంది. అందుకే నీ అయస్కాంతం ప్రోటాన్ని పలకరిచ్చిద్ది, మేకుని పీకిద్ది" అన్నారు. తర్వాత చేతులు జోడించారు. "నా ఒంట్లో ప్రోటాన్లన్నిటికీ తెలుసురా నాకేమైందో. అడిగితే చెప్తయ్. జన్మంతా వాటి గురించి పాఠం చెప్పా, నాకొక్కసారి జవాబు చెప్పనీ. లోపలికి పంపు."

"మేకు కదిలితే సార్?"

"మాంసంలో పాతుకుపోయింది. కదలదు. నేను లెక్కేశా."

"కదిలితే?"

"కదిలితే కదిలిద్ది. ఇప్పుడేం కదులుతున్నయ్‌రా నా కాళ్ళు?"

కుదరదు సార్ అన్నాను. ఆయన బల్ల దిగి గోడ పట్టుకుని మిషన్ గది తలుపు వైపు నడవబోయారు. కాళ్ళు రాలేదు. గోడ మీద చేతులు జరుగుతున్నాయి, ఒళ్ళు జరగడం లేదు. నేను తలుపుకి అడ్డంగా నిలబడ్డాను. నాకు ఫిజిక్స్ నేర్పిన మనిషి నా కాళ్ళు పట్టుకోవడానికి వంగబోయి, వంగలేక, నా మోకాలి మీద చెయ్యి వేసి ఆగిపోయారు. నేను ఆయన్ని పట్టుకుని ఏడ్చాను. చిన్నపిల్లాడిలా ఏడ్చాను. అయినా తలుపు తీయలేదు. తీయకపోవడం తప్పని ఇప్పటికీ అనుకోను. అలాగని నాకు రాత్రిళ్ళు నిద్ర పడుతోందనీ చెప్పను.

తలెత్తేసరికి ఆయన భార్య గుమ్మంలో ఉంది. చేతిలో నీళ్ళ బాటిల్ ఉంది. ఎంతసేపటి నుంచి ఉందో తెలియదు.

"గేదె కాదా?" అంది.

సారు తల దించుకున్నారు.

"ఎవరి వామి?"

"మనదే. అన్నయ్య పెట్టిచ్చాడు. ఆయన్నేం అనబాకు. నా మీద ఒట్టు."

ఆమె బాటిల్ మూత తీసి ఆయన నోటికి అందించింది. సగం నీళ్ళు చొక్కా మీద పోయాయి. కొంగుతో తుడిచింది. ఆటో ఎక్కించేటప్పుడు ఆ రెండో చెప్పు కోసం రోడ్డు మీద కాసేపు వెతికింది, దొరకలేదు.

తర్వాత నేను చేయగలిగిందల్లా చేశాను. వాళ్ళ సంచిలోంచి తీసుకున్న ఆ సీటీ ఫిల్ములు నాకు తెలిసిన డాక్టర్లందరికీ పంపాను. మా సెంటర్‌కి వచ్చే న్యూరోసర్జన్ కారెక్కబోతుంటే అడ్డం నిలబడి చూపించాను. అందరూ ఒకే మాట. చూడకుండా కొయ్యలేం, కొయ్యకుండా చూడలేం. కొత్తలో వచ్చి ఉంటే, మాంసం పట్టుకోకముందే వచ్చి ఉంటే, తీసెయ్యడం ఏమంత పెద్ద పని కాదన్నాడు ఒకాయన. ఆ మాట నేను సారుకి చెప్పలేదు.

సారు సొంత ఊరు వెళ్ళి ఆయన్ని ఒకసారి చూశాను. మంచం వరండాలో వేశారు. రెండు కాళ్ళూ పోయాయి, చేతులు కూడా బరువెక్కాయి. భార్య ఆయన్ని ఒక పక్క నుంచి ఇంకో పక్కకి తిప్పుతూ పుండ్లకి పౌడరు అద్దుతోంది. అన్నగారు కుర్చీ వేసుకుని కూర్చున్నారు. మనిషి కుంగిపోయి ఉన్నారు, అది అబద్ధం కాదు. తమ్ముడి కోసం ఆసుపత్రులన్నీ తిప్పారు, కారు పంపారు, పెద్దవాళ్ళకి ఫోన్లు చేశారు. పరామర్శకి వచ్చిన ప్రతివాడికీ మాత్రం అదే చెబుతున్నారు. "ఏం చేస్తాం అబ్బాయ్, ఎప్పుడో గేదె పొడిచిన దెబ్బ ఇప్పుడు తిరగబెట్టింది." భార్య తల ఎత్తలేదు, పౌడరు అద్దుతూనే ఉంది. నేను సారు వైపు చూశాను. ఆయన చూరు వైపు చూస్తున్నారు.

అన్నగారు ఫోనొచ్చి పక్కకి వెళ్ళాక సారుని ఎలాగైనా నవ్విద్దామని, "సార్, బోర్ మాగ్నెటాన్ అడగండి, చెప్తా" అన్నాను. పెదవులు కదిపారు. "ఎంత" అన్నారు. నేను కావాలనే వట్టి అంకె చెప్పి ఊరుకున్నాను, యూనిట్ చెప్పలేదు. తిడతారని చూశాను. ఆయన తల ఊపారు. అంతే. నేను అక్కడ ఇంకా కూర్చోలేకపోయాను, బయటికొచ్చి బండి తీశాను.

ఫొటో గ్రూపులోకి వచ్చేసరికే దహనం అయిపోయింది. మూడోరోజు ఎముకలు ఏరతారని తెలిసి వెళ్ళాను. మా వాళ్ళలో పూడ్చడమే కాబట్టి నాకు ఇదంతా కొత్త. శ్మశానం ఊరి బయట వాగు పక్కన. ఆడవాళ్ళు రాకూడదన్నా సారు భార్య వచ్చి ఒక పక్కన నిలబడింది. సారుకి పిల్లల్లేరు, అందుకని కర్మ చేసేది అన్నగారే. బూడిద మీద పాలు, నీళ్ళు చల్లారు. కర్మ చేయించే ఆయన పాదాల దగ్గర నుంచి మొదలుపెట్టమంటే అన్నగారు మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కొక్క ఎముక ఏరి కొత్త కుండలో వేస్తున్నారు. ముక్కు ఎగబీలుస్తున్నారు. ఒక్కో ముక్క తీసినప్పుడల్లా "తమ్ముడూ" అని గొణుగుతున్నారు. ఆ ఏడుపు చూస్తే నాక్కూడా జాలేసింది.

భుజాల దగ్గరికి వచ్చారు. బూడిదలోంచి ఏదో తీశారు. ఎముక అనుకుని నీళ్ళలో కడిగారు. నల్లగా, వంకరగా, తలకాయతో సహా ఉన్న మేకు. వేలెడు కూడా లేదు. ఆయన ఏడుపు ఆగిపోయింది. చుట్టూ ఉన్నవాళ్ళ వైపు ఒకసారి చూశారు. ఆ చేతిని మెల్లగా కిందికి దించి, మేకుని బూడిదలోనే వదిలి, పైన ఇంకొంత బూడిద వేళ్ళతో నెట్టారు. తర్వాత పక్కనున్న ఎముక ముక్క తీసి కుండలో వేశారు.

సారు భార్య ముందుకొచ్చింది. ఎవరో "నువ్వు రాకూడదమ్మా" అన్నారు. ఆమె వినిపించుకోలేదు. వంగి, అన్నగారు నెట్టిన బూడిద పక్కకి తీసి, ఆ మేకుని పైకి తీసింది. కొంగుతో తుడిచింది. దాన్ని అరచేతిలో పెట్టుకుని కాసేపు చూసుకుంది. ఇంతదా అన్నట్టు చూసింది. తర్వాత ఆ చెయ్యి ఆయన ముందుకి చాచింది.

"మీ వామిలోది బావగారూ. మీ దగ్గరే ఉంచుకోండి."

ఆయన చెయ్యి చాచేదాకా ఆమె అక్కడి నుంచి కదలలేదు.